కొత్త కారుకు రెండో పూత!

మంచిరోజు చూసుకుని కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో ఓ గంట నిలబడండి. బంతిపూల దండలు వేసుకుని, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా కొండగట్టు వైపు పరుగెత్తే కొత్త కార్లు కనిపిస్తాయి. అంజన్న సన్నిధిలో వాహనపూజ. చక్రాల కింద నిమ్మకాయలు. స్టీరింగ్ పట్టుకున్నాయన ముఖంలో గర్వం. పక్కసీట్లో ఇల్లాలి ముఖంలో సంతోషంతో పాటు కాస్త లెక్క కూడా... కట్టాల్సిన వాయిదాలు ఇంకా అరవై ఉన్నాయి మరి!

అయితే ఆ కారు అప్పటికే చాలా దూరం తిరిగొచ్చింది. ఫ్యాక్టరీలో ట్రెయిలర్ ఎక్కింది. వందల కిలోమీటర్లు వచ్చి దిగింది. షోరూం వాళ్ల యార్డులో ఎండకీ వానకీ నిలబడింది. యార్డు కుర్రాడు రివర్సులో తీశాడు. ఇంకొకడు కడిగాడు. మరొకడు సీటుకవర్లు, మడ్‌ఫ్లాప్‌లు బిగించాడు. ఇన్ని చేతుల్లో ఎక్కడో ఒకచోట గీత పడటం వింత కాదు. పడ్డాక ఏం చేస్తారన్నదే అసలు సంగతి.

ఆదిలాబాద్‌లో పనిచేసే మాస్టారొకరు కరీంనగర్‌లో కారు బుక్ చేశారనుకుందాం. కావలసిన రంగు అక్కడే దొరికింది. అత్తగారి ఊరు కూడా అదే. డెలివరీ సాయంత్రం. షోరూంలో లైట్లు, ముసుగు తీయడం, కేకు కోయడం, ఫొటో... అంతా అయ్యాక ఆవిడ కళ్లు వెనక డోరు మీద ఆగాయి.

“ఇగో, ఇటు రాండ్రి. ఈ డోరు రంగు జర తేడా లేదా?”

“లైటింగ్ మేడం. పొద్దున ఎండల చూడుండ్రి, మంచిగనే కనవడ్తది” అన్నాడు సేల్స్ కుర్రాడు.

“తమ్మీ, నిజం చెప్పు. ఏమైంది?”

“యార్డుల చిన్నగ తాకింది సార్. గీతనే. మావోళ్లు పెయింట్ కొట్టిన్రు. మీకు మ్యాట్లు ఫ్రీగ ఇప్పిస్త.”

పది లక్షల కారు... ఓ జత మ్యాట్లు! నవ్వొచ్చే బేరమే కానీ, ఆ క్షణంలో చాలామంది ఒప్పేసుకుంటారు. చుట్టాలు ఎదురుచూస్తుంటారు. ముహూర్తం దాటిపోతుంటుంది. ‘పోనీలే, పండగపూట గొడవెందుకు’ అనిపిస్తుంది. షోరూంకు కలిసొచ్చేది సరిగ్గా ఈ మొహమాటమే.

నిజానికి ఆ కుర్రాడు అడిగాకైనా చెప్పాడు. అడగకముందే చెప్పడం షోరూం బాధ్యత. మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ విషయంలో గట్టిగానే ఉంది. బాగుచేసిన వస్తువును కొత్తదని నమ్మించి అమ్మడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కొనేవాడికి తెలియాల్సిన విషయాన్ని కావాలని దాచిపెట్టడం సేవాలోపం. అంటే గీత సంగతి అలా ఉంచండి, దాన్ని దాచడమే ఒక తప్పు.

ఇలాంటి దాపరికమే అమెరికాలో ఓ పెద్ద కంపెనీని సుప్రీంకోర్టు దాకా లాగింది. 1990లో అలబామా రాష్ట్రంలో ఓ డాక్టరు నల్ల బీఎండబ్ల్యూ కారు కొన్నాడు. ధర 40 వేల డాలర్ల పైచిలుకు. తొమ్మిది నెలలు హాయిగా తిరిగాడు. ఇంకాస్త మెరిపిద్దామని పాలిష్ వాళ్ల దగ్గరికి తీసుకెళితే, దీనికి మళ్లీ రంగు వేశారని వాళ్లు కనిపెట్టారు. రవాణాలో ఆమ్ల వర్షానికి పూత పాడైతే, అక్కడి కంపెనీ 601 డాలర్లు ఖర్చుపెట్టి రంగు వేయించింది. మరమ్మతు ఖర్చు కారు ధరలో 3 శాతం మించకపోతే ఎవరికీ చెప్పకుండా కొత్తదిగానే అమ్మాలన్నది కంపెనీ పెట్టుకున్న నియమం. చివరికి డీలరుకు కూడా చెప్పలేదు!

జ్యూరీకి ఒళ్లు మండింది. కారు విలువ తగ్గినందుకు 4 వేల డాలర్లు, దాచినందుకు శిక్షగా 40 లక్షల డాలర్లు కట్టమంది. అలబామా సుప్రీంకోర్టు ఆ శిక్షను సగానికి తగ్గించింది. అదీ మరీ ఎక్కువేనని 1996లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆఖరికి 50 వేల డాలర్ల దగ్గర ఆగింది. అప్పటికే కంపెనీ తన నియమం మార్చుకుంది. ఎంత చిన్న మరమ్మతైనా సరే, చెప్పి అమ్మాలని! ఆ డాక్టరుకు ఎంత ముట్టిందన్న దానికంటే ఈ మార్పే ఎక్కువ విలువైనది.

మన దగ్గరా దీనికి దగ్గరి కేసు ఉంది. గోవాలో 2011లో ఒకాయన టాటా కారుకు పూర్తి డబ్బు కట్టాడు. తీరా చూస్తే ఇవ్వజూపింది 2009లో తయారైన బండి. అప్పటికే 600 కిలోమీటర్లకు పైగా తిరిగింది. కింది భాగంలో గీతలు. ఆయన కారు తీసుకోనన్నాడు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. తయారీ కంపెనీకి ఆ సంగతి తెలుసని రుజువు కాలేదు కాబట్టి బాధ్యత డీలరుదేనని 2021లో కోర్టు చెప్పింది. కాబట్టి మాస్టారు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే... కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి ఊరుకుంటే చాలదు, ఫిర్యాదు ముందుగా డీలరుకే ఇవ్వాలి.

డెలివరీ పేపరు మీద సంతకం పెట్టకముందైతే కొన్నవాళ్ల మాటకు బలం ఎక్కువ. 1930 నాటి సరుకుల విక్రయ చట్టమే చూసుకుని తీసుకునే హక్కు ఇచ్చింది. కాబట్టి డెలివరీ దీపాల కింద కాకుండా పగటి వెలుగులో తీసుకోవడం మేలు. పూత మందం కొలిచే చిన్న మిషన్లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ కార్లు కొనేవాళ్ల దగ్గర ఉంటున్నాయి. మళ్లీ రంగు వేసిన చోట అంకె పెరిగి కనిపిస్తుంది. అంటే ఇవాళ మ్యాట్లకు ఒప్పుకున్న గీత, అయిదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు బేరంలో మళ్లీ లేస్తుందన్నమాట.

కారు ఇంటికొచ్చాక, మొదటి ఫ్రీ సర్వీసుకు ఇచ్చినప్పుడు షోరూం డ్రైవరు దేనికో గుద్దాడనుకోండి. అప్పుడు మరో చట్టం... 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఒకరి వస్తువును అప్పగించుకున్నవాడు, తెలివైన మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని అందులో ఉంది. జాబ్‌కార్డు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ‘ఓనర్ రిస్క్’ అని వేసుంటే? ఢిల్లీలోని ఓ పెద్ద హోటల్ కూడా పార్కింగ్ చీటీ మీద అలాగే వేసింది. 1998లో అక్కడ అతిథి అప్పగించిన మారుతి జెన్ మాయమైంది. ఆ మాట చాటున తన నిర్లక్ష్యం నుంచి హోటల్ తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడే ఇంకో ఎత్తు వేస్తారు. “మీ ఇన్సూరెన్సుల క్లెయిమ్ చేద్దాం సార్, మీకు పైస ఖర్చు లేదు” అంటారు. ఖర్చు ఎందుకు లేదు? క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి సొంత బండి ప్రీమియంలో వచ్చే 20 శాతం తగ్గింపు పోతుంది. క్లెయిమ్ లేకుండా అయిదేళ్లు గడిస్తే 50 శాతం దాకా పెరిగేది అదే. పైగా ఫారంలో బండి నడిపింది ఎవరని అడుగుతారు. ఆ గడిలో మాస్టారి పేరు రాసి సంతకం పెట్టమంటే... వాళ్ల తప్పుకు ఈయన అబద్ధపు సాక్ష్యం ఇచ్చినట్టే. ఖర్చు వాళ్లు భరించాలి, లేదా వాళ్ల ఇన్సూరెన్సులో పెట్టుకోవాలి.

మరి ఏం అడగొచ్చు? డెలివరీకి ముందైతే వేరే కారు, లేదా కట్టిన డబ్బు. దెబ్బ చిన్నదై, కారు నచ్చితే ధరలో తగ్గింపు. తర్వాతైతే కంపెనీ అసలు విడిభాగం, ఆ పనికి రాతపూర్వక గ్యారంటీ, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ తిరగడానికి మరో బండి, తగ్గిన విలువకు పరిహారం. ప్రతి గీతకూ కొత్త కారు అంటే మాత్రం కుదరదు. క్లచ్ లోపం గురించి 2006లో వచ్చిన మారుతి కేసులో, వారంటీ అంటే పాడైన భాగాన్ని మార్చడమే కానీ మొత్తం కారును కాదని సుప్రీంకోర్టు అంది. ఆ మాట సబబే. యార్డు కుర్రాడి జీతంలోంచి కోయమని అడగడం కూడా న్యాయం కాదు. ఆ కోత భయమే దాపరికానికి మొదలు.

షోరూం వినకపోతే? పాత చట్టంలో సాధారణంగా డీలరున్న చోటో, గొడవ జరిగిన చోటో కేసు వేయాలి. మాస్టారు ప్రతి వాయిదాకూ ఘాట్ దిగి, నిర్మల్ మీదుగా గోదావరి దాటి కరీంనగర్ రావాలి. రానూపోనూ 400 కిలోమీటర్లు. చాలామంది అక్కడే వదిలేసేవారు. 2020 జూలై 20 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంతో ఆ బాధ తప్పింది. కొన్నవాళ్లు ఉండే చోట, పనిచేసే చోట కూడా వేయొచ్చు. కారు కరీంనగర్‌దైనా ఫిర్యాదు ఆదిలాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే! కట్టిన ధర రూ.50 లక్షలు మించకపోతే జిల్లా కమిషన్ చాలు. రూ.5 లక్షల దాకా ఫీజు లేదు, రూ.10 లక్షల దాకా 200. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందుగా సలహా కావాలంటే 1915కు ఫోన్ చేయొచ్చు.

త్వరగా తేలుతుందన్న భరోసా మాత్రం పెట్టుకోకూడదు. 2009లో హైదరాబాద్‌లో అమ్మిన ఓ బీఎండబ్ల్యూలో లోపం గురించిన గొడవ క్రిమినల్ కేసై, హైకోర్టు దాటి, రూ.50 లక్షలు చెల్లించాలన్న సుప్రీంకోర్టు మాటతో 2024లో ముగిసింది. అందుకే మొదటి రోజు రాసిన కాగితానికి అంత విలువ. డోరు ఫొటో, తేదీ, ఏం జరిగిందో షోరూం ఒప్పుకున్న మాట... మేనేజరుకు ఇచ్చిన ఫిర్యాదు నకలు మీద ముద్ర, సంతకం. వేయనంటే అదే కాగితం స్పీడ్‌పోస్టులో పంపి, రసీదును ఆర్సీతో పాటే దాచుకోవాలి.