గాజుకు అంటుకునే విషం

హైదరాబాద్ శివార్లలోని ఆ ప్రయోగశాలలో చప్పుడు చేయకుండా నడవమన్నారు. అదురుకు చేపలు బెదురుతాయట.

వరసగా ఆరు గాజు తొట్లు. ఒక్కోదాంట్లో ఏడేసి జీబ్రా చేపలు, ఒక్కొక్కటి చిటికెన వేలిలో సగం లేదు. అయిదింట్లో మందు, ఆరోదాంట్లో ఉత్త నీళ్లు. ముందురోజు నుంచే మేత బంద్. 96 గంటల్లో సగం చేపలను చంపే మోతాదెంతో తేల్చాలి. 1981లో వచ్చి 2019లో సవరించిన ఓఈసీడీ 203వ మార్గదర్శకం ప్రకారమే అంతా.

ఆ రోజు మందు ఫ్యాటీ అమైన్. పశువుల కొవ్వు, పామాయిలు, కొబ్బరినూనెల నుంచి తీస్తారు. ఎరువు గడ్డకట్టకుండా పూసేదీ, తారు ఎమల్షన్‌లో కలిపేదీ ఈ జాతివే.

"మాకు చేపలతో పేచీ లేదండీ, దీంతోనే" అన్నారు అక్కడి శాస్త్రవేత్త. ఈ అణువుది ధనావేశం, గాజుది ఋణావేశం. కొలిచి పోసిన మందులో కొంత గోడలకే అతుక్కుపోతుంది. పోసిన లెక్కే నమ్మితే, అసలు కన్నా తక్కువ విషమని తేలుతుంది. అందుకే చేపలను వదలకముందే తొట్లను ఆ ద్రావణంతోనే నానబెడతారు. తర్వాత కొత్త ద్రావణం పారిస్తూ, మధ్యమధ్య నీళ్లు తీసి మందెంత మిగిలిందో కొలుస్తారు.

నాలుగో తొట్టిలో ఒక చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది, మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఇంకోటి పక్కకు ఒరిగి, తోక విదిలించి నిలదొక్కుకుని, మళ్లీ ఒరిగింది. "తూలుతోంది మేడమ్" అంటూ కుర్రాడు రిజిస్టర్‌లో రాసుకున్నాడు. ఈ మందు ముందుగా దెబ్బతీసేది మొప్పలనే. అన్నట్టు, నీటిలో ఆక్సిజన్‌ను సంతృప్త స్థాయిలో 60 శాతం కంటే తగ్గనివ్వరు. చేప చస్తే నేరం మందుదో, గాలి చాలని నీళ్లదో తేలాలి కదా!

నది నీళ్లు ఇంత తేటగా ఉండవు. బురదకూ, కుళ్లిన ఆకుల సారానికీ మందు అంటుకుని చేపకు తక్కువ అందుతుంది. కాబట్టి నది నీటితోనే పరీక్షించాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. అయినా నా ఓటు తేట నీళ్లకే. బురదకు అంటినంత మాత్రాన మందు మాయమైపోదు, అడుగున మేసేవాటి నోట్లోకి పోతుంది.

"మరి బురదలో పురుగుల సంగతి?" అనడిగాను.

"అది వేరే పరీక్షండీ. అడిగినవాళ్లకే చేస్తాం" అంటూ ఆమె అయిదో తొట్టి దగ్గరకు నడిచారు.