వెనక వరసలో నిలబడ్డవాళ్ళు

పెళ్ళి ఫొటోగ్రాఫర్‌ని పిలిచేది పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల కోసం. మూడేళ్ళకో పదేళ్ళకో అదే ఇంటివాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారంటే మాత్రం అది మరొకరి ఫొటో కోసం. "అన్నా, మా చెల్లి పెళ్ళిలో మీరు తీసినవాటిలో మా అవ్వది మంచి ముఖం ఒకటి ఉంటే చూసి పెడతారా?" ఎందుకని నేను అడగను. రాజపాళయం దగ్గరి చోళపురంలోనే కాదు, తమిళనాడు దక్షిణపు జిల్లాల్లో ఎక్కడైనా మనిషి పోతే కొన్ని గంటల్లోనే వీధి మొదట్లో 'కణ్ణీర్ అంజలి', అంటే కన్నీటి నివాళి, అని ఫ్లెక్సు కడతారు. దాని మీదికి ముఖం కావాలి. తరవాత ఫ్రేము కట్టించి గోడకు పెట్టి దండ వేయడానికీ ముఖం కావాలి. ఆధార్ కార్డు మీదున్న ఫొటోని పెద్దది చేస్తే మనిషిని కన్నబిడ్డలే ఆనవాలు పట్టలేరు. అందుకని బీరువాలోంచి మనవరాలి పెళ్ళి ఆల్బం తీస్తారు. గ్రూపు ఫొటోలో వెనక వరసలో, ఎవరి భుజం చాటునో సగం కనబడే ముసలావిడ మీద వేలు పెట్టి, "ఈమెను విడిగా తీసివ్వండి" అంటారు.

పల్లెటూరి పెళ్ళికి ఫొటోలు తీయడమంటే ఏమిటో నాకు ఆ ఫోన్లే నేర్పాయి.

మాది రేపల్లె వైపు. మేనమామ స్టూడియోలో పని నేర్చుకుందామని రాజపాళయం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. సముద్రం దాటకపోయినా ఇదీ ప్రవాసమే. పడమటి కనుమల పాదాన, విరుదునగర్ జిల్లాలో ఉన్న ఈ ఊరి గురించి మనవాళ్ళకు తెలియవలసినంత తెలియదు. విజయనగర కాలం నుంచీ దక్షిణానికి దిగుతూ వచ్చిన తెలుగు కుటుంబాల్లో రాజులు ఇక్కడ నిలదొక్కుకున్నారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివాడే. నూలుమిల్లులతో మొదలై రాంకో సంస్థలకు పునాది వేసిన పి.ఎ.సి. రామసామి రాజా కూడా ఇక్కడివాడే. రాజులే కాదు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో నాయుళ్ళు, రెడ్డియార్లు, చెట్టియార్లు, అరుంధతీయులు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకుంటారు. చదువంతా తమిళంలో. శుభలేఖ తమిళంలో అచ్చవుతుంది, పెళ్ళింట్లో కేకలు తెలుగులో వినబడతాయి.

ఇక్కడికి దగ్గర్లోనే శ్రీవిల్లిపుత్తూరు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ ఊరి ఆడపిల్ల గోదాదేవి కథే. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా ఆమె దండలు ఇక్కణ్ణుంచే వెళతాయి. పెళ్ళిపీటల మీద దండలు మార్చుకునే క్షణం కోసం కెమెరా పట్టుకుని నిలబడ్డ ప్రతిసారీ ఆ సంగతి మనసులో మెదులుతుంది. తెలుగు కావ్యం నడిచిన నేల మీద తెలుగింటి పెళ్ళి తీస్తున్నానని ఒళ్ళు పులకరిస్తుంది.

మన వైపు పెళ్ళికీ ఇక్కడి పెళ్ళికీ ఫొటోగ్రాఫర్‌కి పెద్ద తేడా వెలుతురులో ఉంది. మనకు అర్ధరాత్రి ముహూర్తాలు మామూలు. ఇక్కడ ఎక్కువగా తెల్లవారుజామునో, పొద్దెక్కకముందో తాళి కట్టేస్తారు. రిసెప్షను ముందురోజు సాయంత్రమే అయిపోతుంది. నెలల లెక్కా వేరు. మనం ఆషాఢం దాటి శ్రావణం ఎప్పుడు వస్తుందా అని చూస్తాం. ఇక్కడ సౌరమానం. ఆడి, మార్గళి నెలల్లో పెళ్ళి మాటే ఎత్తరు. తై, వైకాశి, ఆవణి వచ్చాయంటే నిద్ర ఉండదు. పొద్దున్నే తూర్పు మైదానం మీంచి వచ్చే ఎండ ముందు కొండల నెత్తిన పడుతుంది, కాసేపటికి పందిట్లోకి దిగుతుంది. ఆ కాసేపు ఆకాశమంతా తెల్లటి దీపంలా ఉంటుంది. ముఖాల మీద ఒక్క గట్టి నీడ ఉండదు. తాళి ముహూర్తం ఆ వేళకు పడితే ఫ్లాష్ సంచిలోంచి తీయను.

ఎండ ఎక్కిందంటే కష్టం మొదలు. కొబ్బరాకు పందిరి కింద నిలబడ్డ మనిషి ముఖం మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. ముక్కు మీద ఒక చుక్క తెల్లగా మాడిపోతుంది, కన్ను చీకట్లో ఉంటుంది. గులాబీరంగు గుడ్డ కట్టిన షామియానా అయితే ఊరంతా గులాబీరంగే. ఫ్లాష్ పైకి తిప్పి కొడితే ఆ గుడ్డ రంగే రెండింతలై ముఖాల మీద పడుతుంది. తెల్ల పంచె కూడా గులాబీరంగుకు తిరుగుతుంది. మా మేనమామ దీనికి చెప్పిన ఉపాయం ఒక తెల్ల దుప్పటి. పందిరి గుంజల మధ్య దాన్ని కట్టి, దాని మీద ఫ్లాష్ కొట్టాలి. ఇప్పటికీ నా బండిలో ఒకటి ఉంటుంది. మండపాల్లో ట్యూబులైట్లు మరో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక షట్టరుని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెట్టుకోవాలి. అంతకన్నా వేగం పెంచితే ఫొటోకి అడ్డంగా నల్లటి చారలు పడతాయి.

అసలు చెప్పదలచింది వేరే ఉంది. ఈ పదేళ్ళలో క్యాండిడ్ అనే పద్ధతి పల్లెలకూ వచ్చింది. పెద్ద కన్ను ఉన్న లెన్సు తగిలించి, అపర్చరు పూర్తిగా తెరిచి, పెళ్ళికూతురి కళ్ళ మీద ఫోకస్ పెట్టి తీస్తారు. వెనకాల ఉన్నదంతా కరిగి రంగురంగుల మసకగా మారిపోతుంది. చూడటానికి చాలా బాగుంటుంది, నేనూ తీస్తాను. కానీ ఆ మసక ఏమిటి? అక్కడ పెళ్ళికూతురి మేనత్త ఉంది. పొలం పనులు మానుకుని బస్సెక్కి వచ్చిన చిన్నాన్న ఉన్నాడు. కళ్ళు ఆనక ఆ వైపుకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్న అవ్వ ఉంది. పట్నంలో ఆ జంటకు ఇంకా వెయ్యి ఫొటోలు ఉంటాయి. ఈ అవ్వకు ఈ పెళ్ళిలో తీసింది తప్ప ఇంకొకటి ఉండకపోవచ్చు. ఆమెను మసక చేసే హక్కు నాకు లేదనిపిస్తుంది.

పాత ఆల్బంలు చూస్తే ఈ బాధ ఇంకా పెరుగుతుంది. మా మేనమామ రోజుల్లో యాషికా మ్యాట్ కెమెరాలో 120 రోలు వేస్తే వచ్చేవి 12 ఫొటోలు. ఒక్క ఫొటో కూడా వృథా పోకూడదు. అందుకని పెళ్ళివాళ్ళనందరినీ వరసలు కట్టించి, ఎండలో నిలబెట్టి, అపర్చరు మూసి, ముందు వరస నుంచి వెనక వరస దాకా ప్రతి ముఖం తేటగా వచ్చేలా తీసేవారు. ఎవరూ నవ్వలేదు, నిజమే. అయినా అందరూ ఉన్నారు. ఇప్పుడు ఒక పెళ్ళికి వేలల్లో క్లిక్కులు పడతాయి, ఊరు మాత్రం ఆల్బంలో లేదు.

అందుకే నేను పెళ్ళింటికి చేరగానే ముందు చూసుకునేది స్టేజీ కాదు, నీడపట్టు గుమ్మం. ఆ వేళకు నేరుగా ఎండ పడని గుమ్మం ఒకటి ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. పెద్దవాళ్ళను ఒక్కొక్కరినీ అక్కడికి పిలిచి స్టూలు మీద కూర్చోబెడతాను. స్టేజీ మీదికి రమ్మంటే ముడుచుకుపోయే ముసలివాళ్ళు గుమ్మంలో హాయిగా ఉంటారు. "అవ్వా, మీ పెళ్ళి ఏ ఊళ్ళో అయింది?" అని తెలుగులో అడిగితే చాలు. "ఈడనే తంబీ, రెండెద్దుల బండి మీద వచ్చినాను" అని మొదలుపెడుతుంది. ఆ బండి తలుచుకున్నప్పటి ముఖం నాకు కావాలి.

ఈ జిల్లాల ముసలమ్మల చెవులు చూసి తీరాలి. పాంబడం అనే బరువైన బంగారు నగ పెట్టుకోవడానికి చిన్నప్పుడే చెవితమ్మెలు సాగదీసేవారు. ఇప్పుడు చాలామంది నగ అమ్మేశారు. ఖాళీ తమ్మెలు భుజాల దాకా వేలాడుతుంటాయి. కొందరు డాక్టరు దగ్గర కుట్టించుకున్నారు. మనవలు "చెవులు కనబడకుండా తియ్యండి" అంటారు, అవ్వ కొంగు లాక్కుంటుంది. నేను బతిమాలతాను. ఆ చెవితమ్మె సాగిన వంపు మీద, నిమిరి నిమిరి నున్నబడ్డ దాని అంచు మీద వెలుతురు సన్నటి గీతలా నిలుస్తుంది. ఇంకో ఇరవై ఏళ్ళకు అలాంటి చెవి ఈ నేల మీద కనబడదు.

రంగు గురించి కూడా గట్టిగానే చెబుతాను. ఆల్బం డిజైనుకు కూర్చున్నప్పుడు ఎక్కువమంది మొదటి కోరిక "పిల్లను కొంచెం తెల్లగా చెయ్యండి". ఫొటో తయారయ్యే పద్ధతిలోనే ఈ పక్షపాతం చాలాకాలం ఉండింది. కోడాక్ వాళ్ళు ఫిల్ము రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు పంపిన 'షర్లీ' కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి అమ్మాయి ముఖమే ఉండేది. చామనఛాయలో ఉన్న తేడాలన్నీ ఆ కొలతకు బురదలా కలిసిపోయేవి. ఇప్పటి కెమెరాలకు ఆ సాకు చెల్లదు. నల్లటి ముఖం మీద తెల్లవారి వెలుతురు పడితే రాగి, తేనె, నేరేడు రంగులు అన్నీ వస్తాయి. వాటిని తుడిచేసి పిండి పూసినట్టు చేయమంటే చేయను. మాట వినక వేరే స్టూడియోకి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, వెళ్ళనిచ్చాను. ఒక పెళ్ళికూతురు మాత్రం తండ్రి ముందే "నా రంగు నాకు ఉంచండన్నా" అంది. ఆ ఆల్బం స్టూడియోలో అందరికీ చూపిస్తాను.

ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి తీసే పనికి ఇప్పుడు ఒక అమ్మాయిని వెంట తీసుకెళుతున్నాను. కొత్త సంగతేమీ కాదు. నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. నాకు కనబడని నవ్వులు ఈ అమ్మాయి కెమెరాలో కనబడతాయి. గోరింటాకు చేతులతో తినలేక అమ్మ చేత ముద్ద పెట్టించుకునే పెళ్ళికూతురి ఫొటో నేను ఏనాటికీ తీయలేను.

గ్రూపు ఫొటోకి ఎవరిని పిలుస్తారు, ఎవరిని పిలవరు అన్నది కూడా ఫొటోగ్రాఫర్ కళ్ళబడుతుంది. చదివింపులు ఇచ్చినవాళ్ళు, అంటే ఇక్కడి మాటలో మొయ్ రాయించినవాళ్ళు, వరసలో వచ్చి కవరు చేతికిస్తూ ఫొటో దిగుతారు. నాదస్వరం, తవిల్ వాయించినవాళ్ళను ఎవరూ పిలవరు. గాడిపొయ్యి దగ్గర తెల్లవార్లూ నిలబడ్డ వంటమనిషినీ, పందిరి కట్టినవాళ్ళనీ, ఎంగిలాకులు ఎత్తే ఆడవాళ్ళనీ పిలవరు. ఊళ్ళో ఎవరి చోటు ఎక్కడో ఆ ఖాళీలు చెబుతాయి. నేను పెళ్ళివాళ్ళ అనుమతి అడిగే వాళ్ళనూ తీస్తాను, ఆల్బం చివర రెండు పేజీలు వాళ్ళకు కేటాయిస్తాను. మొదట్లో "ఇదెందుకు?" అన్నవాళ్ళు ఉన్నారు. ఆ పేజీలు చింపించినవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు.

డ్రోను, ప్రీవెడ్డింగు పాటల గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. అడిగితే చేస్తాం, బత్తెం కావాలి కదా. పల్లె ఇళ్ళకు నేను గట్టిగా చెప్పేది అచ్చు వేయించుకోమని. పెన్‌డ్రైవులో పెట్టుకున్న పెళ్ళి నాలుగేళ్ళకు తెరుచుకోకపోవచ్చు. బీరువాలో తువ్వాల చుట్టి పెట్టిన ఆల్బం నలభై ఏళ్ళయినా తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళ ఫొటోలు పోస్టుకార్డు సైజులో విడిగా తీసి, వెనక పేరు, వరస తమిళంలో రాసి ఇస్తాను. ఆ ఇళ్ళలో చదవగలిగేది తమిళమే.

పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళనాడు పాత స్టూడియోల ఫొటోలు సేకరించి డిజిటల్ రూపంలో భద్రపరిచారు. మూతబడ్డ స్టూడియోల నెగెటివులు చెత్తలోకి పోతున్న కాలంలో అది చాలా పెద్ద పని. నేను నా పరిధిలో చేయగలిగింది ఆడి నెలలో చేస్తున్నాను. పెళ్ళిళ్ళు లేని ఆ నెలలో చిన్న స్కానరు బండి మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పాత పెళ్ళి ఫొటోలు స్కాన్ చేస్తున్నాను. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు ఇంకా బతికి ఉండగానే రాసుకోవాలి.

మొన్నటి ఆడిలో చోళపురంలో ఒక అరుగు మీద నలుపు తెలుపు గ్రూపు ఫొటో ఒకటి బయటపడింది. వెనక వరసలో మూడో మనిషి ఎవరని ఇద్దరు పెద్దమనుషులకు వాదం వచ్చింది. ఒకాయన పాలు పోసేవాడన్నాడు. రెండో ఆయన "కాదు, మా చిన్నాయన బామ్మర్ది, మిల్లుకు పోతా ఉండె" అన్నాడు. గొంతులు పెరిగేసరికి లోపల్నుంచి ఆ ఇంటి పెద్దావిడ వచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకుని ఫొటో ఎండకు పట్టుకుని చూసింది. "ఇద్దురూ కాదు. ఆ పెండ్లికి వంట చేసినాయన. మాపటికి సాంబారు చాలక మళ్ళా పొయ్యెక్కించినాడే, ఆయన" అంది. పేరు ఆవిడకూ తట్టలేదు. కోయంబత్తూరులో ఉన్న వాళ్ళన్నకు ఫోన్ కలిపారు. ఆయన వంటాయన పేరుతోపాటు ఊరు, ఇద్దరు కొడుకుల పేర్లు కూడా చెప్పాడు. అవన్నీ ఫొటో వెనక పెన్సిలుతో రాసుకుని, పక్క వరసకు వెళ్ళాం.