టాస్మానియానుండి చెల్లెలికి

హోబార్టు, సెప్టెంబరు, రాత్రి

 

ఎడతెగని వానకు పడిసెము తోడయినది. గుమ్మడికాయ సూపుతో రొట్టె తిని, ఇంగువ పోపు పెట్టి నీవు కాచు మిరియాల చారును తలచుకొనుచు వ్రాయుచున్నాను. వెలింగ్టను పర్వతము మబ్బులలో మునిగియున్నది. బస వాకిటి పచ్చికలో మాత్రము, మన చేలగట్ల తీతువునకు దాయాదియగు పక్షి, ముఖమున పసుపుపచ్చని తోలు వ్రేలాడుచుండ, వట్టినేలమీది నాలుగు గ్రుడ్లను పొదుగుచు జడివానలో కదలక కూర్చున్నది. దాని జోడు దరిచేరినవారిపైకెల్ల అరచుచు దూకుచున్నది. అడవులు నరకి పచ్చికబయళ్లు చేసినకొలది ఈ జాతి విస్తరించినది. తీతువు కూతకు కీడు శంకించి తలుపులు మూయు నీవిచ్చట నున్నచో ఒక్క రాత్రియు నిద్రపోవు!

ట్రయబన్నా, సాయంకాలము

మేనల్లుడడిగిన టాస్మానియన్ డెవిలును ఒక సంరక్షణశాలలో చూచితిని. మాంసాహారులగు సంచిజంతువులలో నేడు మిగిలినవానిలో ఇదియే పెద్దది. నల్లని మేను, రొమ్మున తెల్లని పట్టె. తల్లి ఒక్క కాన్పున ఇరువదికి మించి కనును. బియ్యపుగింజంతలేసి కూనలు ప్రాకి సంచి చేరవలెను. అచ్చట చన్నులు నాలుగే! అందినవి సుమారు 100 దినములు చన్ను విడువవు, అందనివి బ్రతుకవు. ఆ పక్షి పిల్లలో, పుట్టిన కొలది గంటలకే పరుగిడి తమ మేత తామే ఏరుకొనును. నాలుగింటికి నాలుగింటికి ఎంత యంతరము!

1996లో ఈశాన్యభాగమున వీని ముఖములపై ఒక పుట్టకురుపు కానవచ్చినది; అది కాటువలన నొకదానినుండి మరియొకదానికి సోకు క్యాన్సరు. తినునపుడును జతకూడునపుడును కరచుకొనుటయే వీని స్వభావమగుటచే, 2008 నాటికి ఈ జంతువు అంతరించు ప్రమాదమున్న జాతులలో చేరినది. చాలక, బాటపై చచ్చినదానిని తినవచ్చి బండ్లక్రింద పడుచున్నవి. అందుచే నిన్న చీకటిలో కారును మెల్లగా నడుపుమంటిని. నడుపువాడు ఆలస్యమునకు అదనపు రుసుమడిగెను. వాదించితిని, తుద కిచ్చితిని. ఆ ధనమునకు నాకు విచారము లేదు.

ఆరోగ్యవంతములైన వానిని 2012లో ఎదుటి మరియా ద్వీపమున విడిచిరి. అవి వృద్ధిపొందినవి, అచ్చటి చిన్న పెంగ్విన్లు, వేలకొలది జతలు, మాయమైనవి. ఇది వినినప్పటినుండి మనసు బాగుగా లేదు. గాలి హెచ్చి నేడు పడవ కదలలేదు, రేపు పోవుదును.

బావగారి కంటి శస్త్రచికిత్స దినము నిశ్చయమైనదా? లాన్సెస్టను బసకు వ్రాయుము. ఖర్చునకై వెనుదీయవలదు, నేను పంపెదను.

నీ అన్న