అంకెలకు అలంకారం

పాలపద్దు, చీటీపద్దు నోటిమీద గడగడా చెప్పగలం గానీ, అవే అంకెల్ని కాగితంమీద వరసగా పేర్చి చూపిస్తే మనకు ఆవులింతలొస్తాయి. ఈ జబ్బు మనదొక్కరిదే కాదు కాబోలు. 1786లోనే విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు ఆయన ఇంగ్లండు ఎగుమతులూ దిగుమతులూ గీతలుగా గీసి పుస్తకం వేశాడు. 1801లో ఆయనే గుండ్రటి బొమ్మను ముక్కలు కోసి చూపించాడు. పై చార్టు అంటున్నామే, అదన్నమాట. 1858లో ఫ్లారెన్స్ నైటింగేల్ రంగురేకుల బొమ్మ వేసి, క్రిమియా యుద్ధంలో సిపాయిలు గాయాలకంటే రోగాలవల్లే ఎక్కువమంది పోయారని పెద్దల కళ్ళముందు పెట్టింది. ఆవిడ దగ్గర ఏ సాఫ్ట్‌వేరూ లేదు. చెప్పవలసిన మాట ఉంది.

మనకిప్పుడు సాఫ్ట్‌వేర్లకు లోటు లేదు. మాటే వెతుక్కోవాలి.

మా వీధి ఆడవాళ్ళ పొదుపు సంఘంలో నెలనెలా లెక్కల పట్టిక చదువుతాం. సగంమంది వినరు. అంతా అయ్యాక, "ఇంతకీ నా డబ్బు ఎంతుంది వదినా?" అంటారు. ఫోనులో గీతమీద వేలు పెడితే ఎవరి లెక్క వాళ్ళకు కనిపించే చార్టు చేసిపెడతానంది మా కోడలు.

"డేటారాపర్ శుభ్రంగా ఉంటుందత్తయ్యా. ఫ్లరిష్‌లో బొమ్మలు కదులుతాయి. టాబ్లోలో ఎన్ని రకాలుగానైనా తిప్పి చూడొచ్చు" అంటూ ఒక్కొక్కటే విప్పి చూపింది. చీరల కొట్లో కూచున్నట్టే ఉంది నాకు. ఏది చూస్తే అదే బాగుంది.

"వీటికి డబ్బు కట్టాలా?"

"ఊరికే వాడుకునే వీలుంది. కాకపోతే టాబ్లో పబ్లిక్‌లో ప్రచురిస్తే లోకమంతా చూడొచ్చు. ఫ్లరిష్ ఉచిత ఖాతాలో ప్రచురించినా అంతే."

నా గుండె ఝల్లుమంది. మా సంఘంలో ఒకావిడ, భర్త మంచాన పడ్డాక కొన్నాళ్ళుగా వాయిదా కట్టలేకపోతోంది. అది మా అందరికీ తెలుసు, ఎవరం నోరెత్తలేదు. ఆవిడ కూతురికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చేవాళ్ళ చేతుల్లోనూ ఫోన్లుంటాయి కదా! రంగుల గీతమీద వేలు పెట్టగానే ఆవిడ పేరూ, బాకీ బయటపడితే? మన ముచ్చటకు ఒక ఇంటి పరువు ఖరీదవుతుంది.

"పోనీ, రాగ్రాఫ్స్ అని ఇటలీ వాళ్ళది ఉంది. అందులో వేసిన అంకెలు మన కంప్యూటర్ దాటిపోవు. కానీ వేలు పెడితే పలికే బొమ్మలు రావు" అంది కోడలు.

చూశారా, అన్నీ ఒకేచోట దొరకవు. చివరికి పేర్లు తీసేశాం. సంఘం మొత్తం పొదుపు, ఇచ్చిన అప్పులు, వసూలైన వడ్డీ మాత్రం చార్టులో పెట్టాం. ఎవరి లెక్క వాళ్ళ పాసుపుస్తకంలోనే ఉంటుంది.

మీకూ ఎన్నుకోవలసి వస్తే హంగులు తర్వాత చూడండి. ముందు 'స్త్రీ', 'లక్ష్మి' అని రాసి ఒత్తులు విరగకుండా వస్తున్నాయో లేదో చూడండి. చిన్న ఫోనులో చదవడానికి వస్తోందా? రేపు మానేస్తే మన అంకెలు మనం తిరిగి తీసుకోవచ్చా? ఇంకొకటి, నిలువు గీతలు సున్నా దగ్గర మొదలవ్వాలి. పోయిన నెల 48,000, ఈ నెల 50,000 వసూలైందనుకోండి. గీతల్ని 47,000 దగ్గర మొదలుపెడితే రెండోది మూడింతలు పొడుగు కనిపిస్తుంది. అంకె అబద్ధం కాదు, బొమ్మ అబద్ధం!

మాకు డేటారాపర్‌లో సాదా గీతలే సరిపోయాయి. మొన్న సమావేశంలో ఎప్పుడూ మాట్లాడని ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, "ఈ నెల వడ్డీ తగ్గిందేమమ్మా?" అని నిలదీసింది. పట్టిక చదివినన్నాళ్ళూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.