దివిసీమలో వేసవి పాడి

దివిసీమ యనగానే పచ్చని వరిచేలు మన కన్నులయెదుట నిలుచును. నేను మాత్రము ఆ సీమను వైశాఖమున చూచితిని. పులిగడ్డయొద్ద కృష్ణపాయ మీదుగా దివికి నీరు దాటించు అక్విడక్టు ఎండియుండెను. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. మరల నీరు వదలువరకు ఊరికి చెరువే దిక్కు.

అవనిగడ్డకు ఆవల నొక పల్లెలో మా మేనత్తగారికి పండ్రెండు గేదెల పాడి కలదు. మామయ్యగారు పోయిన తరువాత ఆమెయే దానిని నడుపుచున్నారు. మరునాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే కొట్టములో అలికిడి వినవచ్చెను. "పాలెన్ని యగునత్తయ్యా?" అంటిని. "ముందు నీళ్ళెన్ని యని అడుగవే, అమ్మాయీ" అనిరి. ఈ యెండలలో ఒక్కొక్క గేదెకు త్రాగుటకే దినమునకు 70, 80 లీటర్లు కావలెనట.

గేదె చర్మము నలుపు. చెమట గ్రంథులు ఆవుకన్న మిక్కిలి తక్కువ. అందుచే నీట మునిగియే అది వేడిని పోగొట్టుకొనును. చెరువు మోకాటిలోతునకు దిగి, మధ్యాహ్నమునకు గోరువెచ్చనగుచుండెను. కావున అత్తయ్యగారు తాటాకు కొట్టము చుట్టును తడిగోనెలు వ్రేలాడగట్టి, పగలు మూడుమార్లు గేదెలపై నీరు పోయించుచుండిరి. పొరుగువారి రేకుల కొట్టము చూడ ముచ్చటయే కాని, మిట్టమధ్యాహ్నమున అందు మనుష్యుడైనను నిలువలేడు! గడ్డి జీర్ణమగునపుడు ఒడలిలో వేడి పుట్టును గనుక, మేతయంతయు తెల్లవారుజామునను రాత్రియందును వేయుదురు.

ఒక కట్టుకొయ్య ఖాళీగా నుండెను. అడిగితిని. కొంతసేపు మాటాడలేదు. గడచిన రోహిణికార్తెలో పచ్చిమేత కరవై, నీరులేక వాడిన లేతజొన్నను కోసి వేసిరట. అట్టి జొన్నలో విషముండును. పశువైద్యుడు సూదిమందుతో వచ్చునంతలోనే గేదె ప్రాణము విడిచినది. "నా చేతులతోనే కోసితినే" అనిరి. ఆ గేదెకై చేసిన అప్పు ఇంకను తీరలేదు. ఇప్పుడు జొన్నను బాగుగా తడిపి, పూతకు వచ్చినగాని కొడవలి తగులనీయరు.

రాత్రి పదిగంటలకు లాంతరు నాచేతికిచ్చి కొట్టమంతయు త్రిప్పిరి. వేసవిలో గేదె ఎదకు వచ్చినను పగలు తెలియదు, చల్లనివేళనే కనిపెట్టవలెను. ఆనాడొకటి సన్నగా అరచుచు త్రాడు లాగుచుండెను. అత్తయ్యగారు గోడమీద సున్నముతో తేదీ వ్రాసికొని, ఖాళీ కొయ్యవంక చూచి, "కాలువకు నీరు రానీ, దీనికొకటి తెత్తము" అనిరి.