పుకారు పుట్టగానే ఫోను రెడీ!

2011 ఆగస్టు. ఐఫోన్‌ 5 వచ్చేస్తోందంటూ ప్రపంచమంతా ఒకటే ఊహాగానాలు. పలుచగా ఉంటుందని ఒకరు, తేలిగ్గా ఉంటుందని ఇంకొకరు. యాపిల్‌ మాత్రం నోరు విప్పలేదు. ఈలోపే చైనా ఆన్‌లైన్‌ అంగళ్లలో ‘హైఫోన్‌ 5’ ప్రత్యక్షమైంది! పుకార్లలో చెప్పుకున్నట్టే పలుచగా, ప్లాస్టిక్‌ బొమ్మంత తేలిగ్గా. కొన్నిచోట్ల ధర 200 యువాన్లే. అప్పటి లెక్కలో మన డబ్బు 1400 రూపాయలు. తమాషా ఏంటంటే, ఆ అక్టోబరులో యాపిల్‌ విడుదల చేసింది ఐఫోన్‌ 5ని కాదు, 4ఎస్‌ని. అసలు 5 కోసం జనం 2012 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అంటే, అసలుకన్నా నకిలీ ఏడాది ముందే పుట్టిందన్నమాట.

ఇలాంటి వింతలకు పుట్టినిల్లు చైనాలోని షెన్‌జెన్‌. అందులోనూ ‘హువాచియాంగ్‌బే’ అనే ఒక్క వీధి. పొడవు కిలోమీటరు కూడా ఉండదు. కానీ ఫోన్ల ధరలు నేలకు దిగడంలో ఆ వీధి చేసినంత పని చాలా పెద్ద కంపెనీలు కూడా చెయ్యలేదు.

అటు ఇటు అంతా అంగళ్లే

హాంకాంగ్‌లోని వెస్ట్‌ కౌలూన్‌లో వేగరైలెక్కితే పావుగంటలో షెన్‌జెన్‌లోని ఫూటియాన్‌ స్టేషన్‌. అక్కణ్నుంచి ఈ వీధికి మెట్రోలో కాసేపే. 1980లో చైనా ప్రభుత్వం ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించేనాటికి అక్కడున్నవి పల్లెలు, పొలాలు, ఓ చిన్న సరిహద్దు పట్నం. 2020 జనాభా లెక్కల్లో ఆ నగరంలో కోటీ 75 లక్షల మంది తేలారు.

హువాచియాంగ్‌బే మొదట్లో ఫ్యాక్టరీల పేట. ఎలక్ట్రానిక్స్‌ వస్తువులు బిగించే షెడ్లుండేవి. 1988లో ‘సెగ్‌’ అనే సంస్థ ఇక్కడో విడిభాగాల మార్కెట్‌ తెరిచింది. ఫ్యాక్టరీలకు కావాల్సిన సరుకు పక్కనే దొరకడంతో వ్యాపారం పుంజుకుంది. ఆ తర్వాత నేల ఖరీదు పెరిగి ఫ్యాక్టరీలు ఊరి చివరికి పోయాయి, అంగళ్లు మిగిలాయి. అదే సంస్థ కట్టిన 70కి పైగా అంతస్తుల సెగ్‌ ప్లాజా ఇప్పటికీ ఆ వీధికి గుర్తు. 2021 మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ భవనం ఉన్నట్టుండి ఊగింది. భూకంపమేమీ లేదు. లోపలివాళ్లు మెట్లన్నీ దిగి వీధిలోకి పరుగులు తీశారు. పైనున్న పొడవాటి స్తంభాలు గాలికి కంపించడమే కారణమని నిపుణులు తేల్చాక వాటిని తీసేసి, సెప్టెంబరులో మళ్లీ తలుపులు తెరిచారు.

లోపలికెళితే అంగడి అనడానికి లేదు, గాజుపెట్టె వెనక ఓ కుర్చీ, అంతే. ఇలాంటివి వరసల మీద వరసలు, అంతస్తుల మీద అంతస్తులు. ఒక గాజుపెట్టెలో కెమెరా కళ్లు మాత్రమే. పక్కదాన్లో ఛార్జింగ్‌ పిన్నులు. ఆ పక్కన ఆవగింజల్లాంటి చిప్‌లు... సినిమా రీళ్లలా చుట్టలు చుట్టి ఉంటాయి. భాష రాకపోయినా బేరానికి ఇబ్బంది లేదు. క్యాలిక్యులేటర్‌ మీద వాళ్లొక అంకె నొక్కుతారు, కొనేవాళ్లు ఇంకో అంకె నొక్కుతారు. అది అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగేసరికి బేరం కుదురుతుంది. అన్నిటినీ మించి చెవిలో గింగురుమనే శబ్దం ఒకటుంది. అట్టపెట్టెలకు టేపు అంటించేటప్పుడు వచ్చే ‘చర్ర్‌’మనే మోత. సాయంత్రమయ్యేకొద్దీ అది పెరుగుతుంది. ఆ పెట్టెలన్నీ రాత్రికి లారీలెక్కాలి మరి!

హైదరాబాద్‌లో అబిడ్స్‌ దగ్గరి జగదీశ్‌ మార్కెట్‌ చూసినవాళ్లకు ఇదంతా కొత్తేం కాదు. కాకపోతే అక్కడ చెడిన ఫోన్లకు ప్రాణం పోస్తారు, ఇక్కడ లేని ఫోనును పుట్టిస్తారు. అతిశయోక్తి కాదు. 2017లో స్కాటీ ఆలెన్‌ అనే అమెరికన్‌ ఇంజినీరు ఈ వీధి అంగళ్లు తిరిగి డొక్కు, తెర, బ్యాటరీ, బోర్డు అన్నీ విడివిడిగా కొని, చక్కగా పనిచేసే ఐఫోన్‌ 6ఎస్‌ బిగించి చూపించాడు. భాగాలకైన ఖర్చు సుమారు 300 డాలర్లు.

కొండకోట దొంగలు

ఇక్కడి చవక ఫోన్లకు చైనావాళ్లు పెట్టిన పేరు ‘షాన్‌జాయ్‌’. కొండకోట అని అర్థం. రాజు చెయ్యి అందని కొండల్లో కోట కట్టుకుని బతికే బందిపోట్ల కథలు చైనాలో పిల్లలక్కూడా తెలుసు. పన్ను కట్టకుండా, అనుమతి తీసుకోకుండా తయారయ్యే ఫోన్లకు ఆ పేరే అతికింది. తిట్టులా మొదలైన మాటలో కాస్త ముచ్చట కూడా కలిసింది.

అసలు ఒక గాజుపెట్టె వ్యాపారి ఫోను ఎలా తయారు చెయ్యగలిగాడు? దీని వెనకున్నది తైవాన్‌కి చెందిన మీడియాటెక్‌. అంతకుముందు ఫోను చెయ్యాలంటే రేడియో తెలిసిన ఇంజినీర్లు, సాఫ్ట్‌వేర్‌ రాసేవాళ్లు, పరీక్షలు చేసే ల్యాబులు కావాలి. అందుకే ఆ పని నోకియా, మోటరోలా లాంటి పెద్దల చేతుల్లోనే ఉండేది. మీడియాటెక్‌ 2000ల మధ్యలో మాట్లాడే పని, పాటలు, కెమెరా, అన్నీ కలిపిన చిప్‌ను సాఫ్ట్‌వేర్‌తోనూ బోర్డు నమూనాతోనూ సహా అమ్మడం మొదలుపెట్టింది. వంట అంతా అయిపోయింది, వడ్డించుకోవడమే మిగిలింది. దాంతో షెన్‌జెన్‌లో కొందరు ఎవరైనా కొనుక్కోదగ్గ బోర్డులు చేశారు, ఇంకొందరు వాటికి సరిపోయే డొక్కులు పోతపోశారు. నలుగురైదుగురు కలిసి కొద్ది వారాల్లో కొత్త ‘మోడల్‌’ తేగలిగారు. ఫోన్ల తయారీకి ఉన్న లైసెన్సు నిబంధనను 2007లో చైనా ఎత్తేయడంతో ఇక ఆపేవాళ్లే లేకపోయారు.

ఎన్ని రకాలని! సిగరెట్‌ పెట్టెలా ఒకటి, బొమ్మకారులా ఇంకొకటి, దొంగనోటు పట్టే లైటుతో మరొకటి. చూసి నవ్వుకున్నవాళ్లు చాలామందే. అయితే రెండు సిమ్‌లు పట్టే ఫోను సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఊళ్లో ఒక కంపెనీ సిగ్నలు, పట్నంలో ఇంకోదాని చవక కాల్స్‌... ఈ అవసరం పేదవాళ్లది. కొండకోట ఫోన్లు దాన్ని ఎప్పుడో పట్టేశాయి. నోకియా తన రెండు సిమ్‌ల ఫోను ప్రకటించేసరికి 2010 వచ్చింది. 2014 ఏప్రిల్లో ఆ ఫోన్ల వ్యాపారమంతా మైక్రోసాఫ్ట్‌ చేతికి వెళ్లిపోయింది. ఇదొక్కటే కారణమనలేం గానీ, కింది మెట్టు మీద జనం ఏమడుగుతున్నారో వినడంలో పెద్ద కంపెనీ వెనకబడ్డ మాట నిజం.

చవకదనం ఎంతదాకా వెళ్లిందో 2013లో ఆండ్రూ హువాంగ్‌ అనే హార్డ్‌వేర్‌ నిపుణుడు లోకానికి చూపించాడు. ఈ వీధిలోని మింగ్‌టాంగ్‌ డిజిటల్‌ మాల్‌లో ఆయన కొన్న ఫోను 12 డాలర్లు. అప్పటి మారకంలో ఇంచుమించు 650 రూపాయలు. ఏ ఆపరేటరు రాయితీ లేకుండా, బ్లూటూత్‌తో సహా!

మన ఊళ్లకొచ్చిన చుట్టాలు

తెలుగునాట ‘చైనా సెల్‌’ అంటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది పెద్ద స్పీకరు. ఆటోలో పెడితే బజారంతా వినబడేది. 2009లో మన ప్రభుత్వం ఐఎంఈఐ నంబరు లేని ఫోన్లకు నెట్‌వర్క్‌ ఆపేయడంతో వాటి జోరు తగ్గింది. ఆ దారిలోనే మన బ్రాండ్లు లేచాయి. మైక్రోమ్యాక్స్‌, కార్బన్‌, లావా, మన హైదరాబాద్‌ సెల్‌కాన్‌... చాలా మోడళ్లకు డిజైను, తయారీ చైనాలో, పేరూ అమ్మకమూ ఇక్కడ. 2014లో సెల్‌కాన్‌ మూడున్నర అంగుళాల తెరతో ఆండ్రాయిడ్‌ ఫోనును 2,999 రూపాయలకు తెచ్చింది. అదే ఏడాది ఇంటెక్స్‌ ఫైర్‌ఫాక్స్‌ ఫోను 1,999కే ఇచ్చింది. సెప్టెంబరులో గూగుల్‌ కూడా ‘ఆండ్రాయిడ్‌ వన్‌’ అంటూ 6,399 ధరతో మన దేశంలోనే మొదలుపెట్టింది. ఆ ఏడాది పోటీ చూస్తే, స్మార్ట్‌ఫోను వెయ్యి రూపాయలకు దిగిపోవడం ఖాయమనిపించేది. 2016లో నోయిడా కంపెనీ ఒకటి 251 రూపాయలకే ఇస్తానంటే లక్షలమంది నమ్మి ఎగబడ్డారు. ఆశ అలాంటిది మరి! ఆ లెక్క ఎక్కడా కుదరదని షెన్‌జెన్‌లో ఏ గాజుపెట్టె ముందు కూర్చున్నవాణ్ని అడిగినా క్యాలిక్యులేటర్‌ మీద చూపించేవాడు. తెర ఖరీదుకే చాలదు.

తర్వాత కథ మన బ్రాండ్లకు కలిసిరాలేదు. 2014 జులైలో షావోమీ వచ్చింది. ఒప్పో, వివో ఊరూరా బోర్డులు కట్టాయి. 2016లో జియోతో 4జీ ఊపందుకుంటే మనవాళ్ల దగ్గర 3జీ సరుకు మిగిలిపోయింది. డిజైను కొనుక్కుని అమ్మేవాడికి ఉన్న ప్రమాదమే ఇది. తయారుచేసేవాడే వచ్చి ఎదురుగా అంగడి పెడితే మధ్యవాడి బేరం ఎన్నాళ్లు? సెల్‌కాన్‌ 2015లో మేడ్చల్‌లో సొంతంగా ఫోన్లు బిగించడం మొదలుపెట్టినా, ఆ పోటీకి తట్టుకుని నిలబడలేకపోయింది.

అయితే అదే గాలి ఇంకో ఊరికి మేలు చేసింది. 2014 నవంబరులో శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ మూతపడి వేలమంది ఇంటిదారి పట్టారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, చెన్నైకి ఉత్తరాన మన శ్రీసిటీలో షావోమీ కోసం ఫాక్స్‌కాన్‌ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. 2015 ఆగస్టులో విశాఖలో విడుదలైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ అక్కడిదే. ధర 6,999. ఆ బల్లల ముందు కూర్చుని పనిచేసింది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. బస్సులో వెళ్లి, నెలాఖరుకి జీతంతో ఇంటికొచ్చే ఉద్యోగం వాళ్లలో చాలామందికి అదే మొదటిది.

ఎప్పుడూ వచ్చే చిన్న ఐఫోన్‌

ఈ వీధిని ఎక్కువ ఊరించిన పుకారు మాత్రం ‘చిన్న ఐఫోన్‌, చవక ఐఫోన్‌’. 2011 ఫిబ్రవరిలో అమెరికా పత్రికలు రాశాయి, అదిగో వస్తోందని. 2013లో రంగుల 5సి వచ్చింది. చవకే అనుకుంటే చైనాలో దాని ధర 4,488 యువాన్లు! బీజింగ్‌లో పెదవి విరిచారు. 2016లో నాలుగంగుళాల ఎస్‌ఈ 399 డాలర్లకు వచ్చాక గానీ ఆ పుకారుకు న్యాయం జరగలేదు. 2020, 2021లో ‘మినీ’లు తెచ్చి, జనం పెద్ద తెరలే అడుగుతున్నారని మానేశారు. 2025లో ఎస్‌ఈ స్థానంలోకి వచ్చిన 16ఇ తెర 6.1 అంగుళాలు, ధర 599 డాలర్లు. చిన్నదీ కాదు, చవకా కాదు.

చవక ఫోను నమ్ముకుని గెలిచిన షెన్‌జెన్‌ కంపెనీ ట్రాన్షన్‌. పేరు విన్నవాళ్లు తక్కువ, దాని ఐటెల్‌, టెక్నో ఫోన్లు మన పల్లెల్లోనూ ఉన్నాయి. 2006లో పుట్టి నేరుగా ఆఫ్రికా వెళ్లింది. కరెంటు లేని ఊళ్లకని పెద్ద బ్యాటరీ, నల్లని ముఖాలు చీకట్లో కలిసిపోకుండా కెమెరా సర్దుబాటు... ఆఫ్రికాలో అమ్మకాల్లో అందరికన్నా ముందుకెళ్లింది ఈ చిన్న సంగతులతోనే.

ఇక హువాచియాంగ్‌బే మారిపోయింది. మెట్రో పనుల కోసం 2013లో మూసిన వీధి 2017 జనవరిలో నడకదారిగా తెరుచుకుంది. మధ్యలో చెట్లు, బల్లలు. ఆ నాలుగేళ్లలో చాలా అంగళ్లు ఆన్‌లైన్‌కి మళ్లాయి. మిగిలినవాళ్లు చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌, డ్రోన్లు, పాత ఐఫోన్లు అమ్ముతున్నారు. 12 డాలర్ల ఫోను దొరికిన ఆ మింగ్‌టాంగ్‌ భవనం 2010ల చివరికే లిప్‌స్టిక్‌లు, ఫేస్‌క్రీముల బజారైపోయింది. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకడంతో అన్నిటికన్నా ముందు దెబ్బ తగిలింది చవక ఫోన్లకే. పెద్ద ఫోను మీద వెయ్యి పెరిగితే కనబడదు, ఆరువేల ఫోను మీద పెరిగితే కొనేవాడు ఆగిపోతాడు.

చిన్న ఫోను మాత్రం ఈ నగరంలో పూర్తిగా చచ్చిపోలేదు. సోయెస్‌ అనే షెన్‌జెన్‌ బ్రాండు అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా, మూడంగుళాల తెరతో ఆండ్రాయిడ్‌ ఫోన్లు చేసింది. చూడ్డానికి అచ్చం ఐఫోన్‌లా ఉంటాయి. యాపిల్‌ వాటినెప్పుడూ తయారు చెయ్యలేదు.