మీకెందుకమ్మా

ఆసుపత్రి మాకు కొత్త కాదు. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో పెట్టిన ఆసుపత్రిలో మా అమ్మమ్మ ఆయాగా చేసింది. కాన్పు గదులు కడిగి, రక్తం గుడ్డలు ఉతికి మా అమ్మను చదివించింది. మా అమ్మ కూలికి పోతూనే నన్ను నర్సింగు చదివించింది. నేనిప్పుడు సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాల ఆడోళ్ళం. కడిగేవాళ్ళుగా, ఎత్తేవాళ్ళుగా, సూదిమందు వేసేవాళ్ళుగా ఆసుపత్రి మమ్మల్ని ఎప్పుడో ఒప్పుకుంది. డాక్టరు ఎదురుగా కుర్చీలో కూచుని ‘ఈ వైద్యం మా పిల్లకి ఎందుకొద్దో చెప్పండి’ అని అడిగే మనుషులుగా మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నా.

మా పెద్దమ్మాయికి ఎనిమిదో ఏట షుగరు బయటపడింది. టైపు వన్. ఇది తీపి తిన్నందుకు వచ్చేది కాదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తాయి. ఇక బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే. పల్లెలో కొందరు ఏం పాపం చేసుకున్నావో అన్నారు. చర్చిలో ప్రార్థన చేయించమన్నారు. ప్రార్థనా చేయించాం, సూదీ పొడిచాం. రోజుకి నాలుగు సూదులు. అన్నానికి ముందు మూడు, రాత్రి పడుకునేప్పుడు ఇరవై నాలుగ్గంటలు పనిచేసేది ఒకటి.

పన్నెండేళ్ళొచ్చేసరికి దాని లెక్కంతా అదే చూసుకునేది. కప్పు అన్నంలో పిండిపదార్థం ఎంత, పది గ్రాములకి ఎన్ని యూనిట్లు, అన్నీ లాంగు నోటుబుక్కులో గళ్ళు గీసి రాసుకునేది. పగలంతా బాగానే ఉండేది. రాత్రే మా ప్రాణం తీసేది. తెల్లారుజామున మూడింటికి షుగరు 48కి పడిపోయేది. పిల్ల చెమటతో తడిసిపోయి, పిలిస్తే పలికేది కాదు. అదే పిల్లకి ఆరింటికల్లా 260 ఉండేది. రాత్రి సూది తగ్గిస్తే పొద్దున పెరుగుద్ది. పెంచితే మూడింటికి పడిపోద్ది. ఒకసారి పొడిచిన మందుని మూడింటికి కాస్త ఆగు, ఐదింటికి పనిచెయ్యి అని చెప్పలేం గదా.

ఆ మాట చెప్పించుకునేదే ఇన్సులిన్ పంపు. అదేం పెద్ద యంత్రం కాదు, సెల్ ఫోనంత కూడా ఉండదు. నడుముకి పెట్టుకుంటే సన్నటి గొట్టంలోంచి పొట్ట చర్మం కిందికి త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ని కొద్దికొద్దిగా పంపుతుంటది. ఏ గంటకి ఎంత పోవాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. అన్నం తినేముందు లెక్క చూసి మీట నొక్కాలి. రెండు మూడు రోజులకోసారి గొట్టం మార్చి వేరేచోట గుచ్చుకోవాలి. మా అమ్మాయి రాత్రిళ్ళకి ఇది పనికొస్తదనిపించి, మూడేళ్ళ కిందట విజయవాడలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

మాకంటే ముందు ఒక కుటుంబం లోపలికెళ్ళింది. వాళ్ళబ్బాయిదీ మా అమ్మాయి ఈడే. తలుపు సగం తెరిచే ఉంది. డాక్టరు పంపు తీసి ఆ పిల్లాడి అరచేతిలో పెట్టి నొక్కించాడు. మంచీ చెడ్డా, ఖర్చూ అన్నీ విడమరిచి, ‘ఇంటికెళ్ళి మీరంతా ఆలోచించుకోండి’ అన్నాడు. ముప్పావుగంట పట్టింది. ఎంత మంచి డాక్టరో అనుకున్నాను.

మా వంతొచ్చింది. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. ‘ఏ ఊరు నీది?’ చెప్పాం. ‘ఊళ్ళో ఎక్కడ?’ ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో మీలో చాలామందికి తెలుసు. పల్లెలో అని చెప్పాం. పంపు ఇంకా బల్లమీదే ఉంది. మా అమ్మాయి చెయ్యి చాపింది. ఆయన దాన్ని తీసి సొరుగులో పెట్టాడు.

‘మీకెందుకమ్మా ఇది? సూదులు చాలు. దీనికి చదువుకున్న ఇల్లుండాలి, శుభ్రం ఉండాలి, లెక్కలు రావాలి.’

నేను స్టాఫ్ నర్సునని చెప్పాను. ‘సిస్టరా? అయితే డాక్టరు చెప్పింది వినాలని నీకు వేరే చెప్పాలా?’ అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు. మన గొంతు లేస్తే మనం చెప్పేది పోయి మన గొంతే నేరమవుద్ది. ‘వద్దనండి సార్, కారణం చెప్పి వద్దనండి. ఇందాక ఆ బాబుకి చెప్పినట్టు మా పిల్లక్కూడా చెప్పండి’ అన్నాను. ఆయన మా అమ్మాయి వైపు తిరిగి పదమూడో ఎక్కం చెప్పమన్నాడు. అది ఎక్కం చెప్పలేదు. నోటుబుక్కు తెరిచి బల్లమీద పెట్టింది. ‘రాత్రి తిన్న అన్నం అరవై గ్రాములకి ఆరు యూనిట్లు సార్. షుగరు 220 ఉంది, 120కి దించాలి. నాకు యూనిట్‌కి యాభై దిగుద్ది కాబట్టి ఇంకో రెండు. మొత్తం ఎనిమిది వేసుకున్నా. మీరైతే ఎంత వేస్తారు?’ ఆయన నోటుబుక్కు వైపు చూడలేదు. బయట జనం ఉన్నారన్నాడు.

పంపుతో ఇబ్బందులు లేవని నేననను. గొట్టం మడతపడినా, ఊడినా ఒంట్లో వేరే నిలవ ఇన్సులిన్ ఉండదు. కొద్ది గంటల్లోనే కీటోన్లు పెరిగి ప్రాణం మీదికొస్తది. గుచ్చిన చోట చీము పట్టొచ్చు. వేలు పొడిచి చూసుకోవడం తప్పదు. మాకు చెప్పిన ధర మూడున్నర లక్షలు, ఆపైన నెలనెలా గొట్టాలకీ సామానుకీ ఏడెనిమిది వేలు. ఇవన్నీ సరైన కారణాలే. ఇవి చెప్పి వద్దంటే దాన్ని వైద్యమంటాం. పక్కవాళ్ళకి చెప్పినవి మాకు చెప్పకుండా, ఊళ్ళో ఎక్కడ అని అడిగి వద్దంటే దాన్నేమనాలి?

బాబాసాహెబ్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో కాఠియావాడ్‌కి చెందిన ఒక దళిత పంతులు సంగతి చేర్చాడు. ఆ పంతులు రాసిన ఉత్తరం 1929 డిసెంబరులో ‘యంగ్ ఇండియా’లో వచ్చింది. ఆయన భార్య బాలింత, జబ్బుపడింది. డాక్టరు పేటలోకి రానన్నాడు, ముట్టుకోనన్నాడు. ఆమెను పేట బయటికి తేవాల్సొచ్చింది. థర్మామీటరుని ఒక ముస్లిం చేతికిస్తే, ఆయన భర్తకిచ్చాడు, భర్త ఆమెకి పెట్టాడు. ఆ తల్లి చచ్చిపోయింది. ఇప్పుడలా లేదంటారు. నిజమే. విజయవాడ డాక్టరు మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నాడి చూసాడు, పొట్టమీద సూది గడ్డలు తడిమాడు. ఒంటిని ముట్టుకున్నాడు, నోటుబుక్కుని ముట్టుకోలేదు. అప్పుడు థర్మామీటరు చేతులు మారి చేరింది. ఇప్పుడు పంపు సొరుగులోకి పోయింది.

బాబాసాహెబ్ కూడా షుగరు మనిషే. 1948లో డాక్టరు సవితను చేసుకునేనాటికే ఆ జబ్బుతో, కాళ్ళ నొప్పులతో ఉన్నాడు. మా ఇంట్లో ఆయన పటం కిందే ఇన్సులిన్ పెన్నులుంటాయి.

మేం ఆగలేదు. హైదరాబాదులో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె ముందు నోటుబుక్కు అడిగింది. మూడింటి అంకెలకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. పంపు పిల్ల చేతికిచ్చి, చెడ్డ సంగతులే ముందు చెప్పింది. ఇంట్లో నెలరోజులు వాదులాడుకున్నాం. ఆ డబ్బుంచితే పిల్ల పెళ్ళికి పనికొస్తదని మా అమ్మ, నిద్రలో ఊడితే ఎట్లా అని మా ఆయన. చివరికి పిల్లనే అడిగాం. కావాలంది. నేను 2002లో ఉద్యోగంలో చేరాను కాబట్టి పీఎఫ్ లోను దొరికింది. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్ళకి ఆ పీఎఫ్ కూడా లేదు.

రెండేళ్ళు దాటింది. మూడింటికి పడిపోవడం చాలావరకు తగ్గింది. ఒకసారి బడిలో గొట్టం మడతపడి 380కి పోయింది. అదే చూసుకుని, పెన్నుతో సూది వేసుకుని, గొట్టం మార్చుకుంది. నడుముకి ఏందది అని పిల్లలడిగితే ‘నా క్లోమం’ అంటది.

మరి పీఎఫ్ లేని కూలితల్లి పిల్ల సంగతేంటి? 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ మనుషులు 1923లో పేటెంటుని తలా ఒక డాలరుకి యూనివర్సిటీకి ఇచ్చేసారు. అంత చవగ్గా వదిలిన మందు మా వార్డుకొచ్చే తల్లికి ఇప్పటికీ ఒకరోజు కూలి మింగుద్ది. పంపు దాకా ఎందుకు, సూదులూ, షుగరు చూసే పట్టీలూ నెలంతా అందని పిల్లలున్నారు. ఆ కొట్లాట మనందరిదీ.

మెడికల్ కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలకి ఒక మాట. రేపు ఆ కుర్చీలో మీరు కూచుంటారు. ఎదురుగా ఖాకీ చొక్కా, చెప్పుల్లేని కాళ్ళు, పల్లె పేరు కనబడతయ్. వాళ్ళకి అర్థం కాదని మీరే అనుకోవద్దు. యంత్రం పిల్ల చేతిలో పెట్టండి. మంచీ చెడ్డా, ఖర్చూ చెప్పండి. కొనలేకపోతే కొనలేమని వాళ్ళే చెప్తారు. ఆ మాట మీరు ముందే అనెయ్యొద్దు.